డిప్యూటీ గారి వాకిట్లో తారు గుంత

రోడ్ల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. కరీముల్లా అని పాతకాలపు ఏఈ ఒకాయన ఉన్నాడు, కదిపితే బోలెడు చెబుతాడు అని ఎవరో చెప్పి పంపుతారనుకుంటాను. వాళ్లు వంతెనల గురించి వినాలని వస్తారు. నేను సర్వీసులో ఒక్క వంతెన కూడా కట్టలేదు. నేను చేసిందల్లా గుంతలు పూడ్చడం. ఆ మాట చెప్పగానే కొందరు టీ తొందరగా తాగేసి లేస్తారు. లేవకుండా కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా పని ఏమిటంటే

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్ల మధ్య తారు రోడ్డు ఎక్కడెక్కడ కుంగుతుందో నాకు నా ఒంటి నొప్పుల కంటే బాగా తెలుసు. కొత్త రోడ్డు వేస్తే కొబ్బరికాయ కొడతారు, నల్లరాతి మీద పేర్లు చెక్కిస్తారు. గుంత పూడ్చినవాడికి రాయీ లేదు, కొబ్బరికాయా లేదు. పూడ్చకముందు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని తిడతారు. పూడ్చాక ఎత్తుగా ఉందని తిడతారు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ముందు తిట్లు అరిగించుకోవడం నేర్చుకోవాలి. మిగిలిన ఇంజనీరింగ్ తర్వాత నేర్చుకోవచ్చు.

కాలేజీలో మీకు చెప్పినవన్నీ నిజమే, కాదనను. కాకపోతే కాలేజీ పుస్తకంలో రోడ్డు పొడి నేల మీద ఉంటుంది. మా డెల్టాలో రోడ్డు నీళ్ల మధ్య ఉంటుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరి చేను, కింద నల్లరేగడి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు తీస్తుంది. దాని మీద తారు వేసి కదలకుండా ఉండమంటే అది ఎలా ఉంటుంది? తారుకి లారీ అంటే అంత భయం లేదు. నీళ్లంటేనే భయం. పైన పడి జారిపోయే నీళ్ల సంగతి కాదు నేను చెప్పేది, కింద చేరి కదలకుండా కూర్చునే నీళ్ల సంగతి. అందుకే గుంత కనబడగానే నేను అడిగే ప్రశ్న ఒకటే. నీళ్లెక్కడివి? జవాబు దొరక్కుండా పూడిస్తే మీరు గుంతకి మూత పెట్టినట్టే తప్ప బాగు చేసినట్టు కాదు.

ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. దీనికి సరిగ్గా వ్యతిరేకం చెప్పిన పెద్దమనిషి మాత్రం ఒకాయన ఉన్నాడు. నా వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన చెప్పింది చేయకపోవడం వల్ల వచ్చిందే. అలా చూస్తే ఆయన్ని గురువుగారు అనే అనాలి.

భాస్కరరావు గారు

రేపల్లెలో పని చేసినప్పుడు ఆయన నాకు డిప్యూటీ ఇంజనీరు. ఆరడుగుల మనిషి, ఎప్పుడూ తెల్లచొక్కా. తారు పనిలో ఉండి చొక్కాకి ఒక్క మరకైనా అంటని మనిషంటే, పని దగ్గరికి ఎంత దగ్గరగా వెళ్లేవాడో మీరే ఊహించుకోండి. జీపు దిగకుండానే రోడ్డు చూసేవారు. "పైన నల్లగా కనబడాలయ్యా. కిందికి వంగి ఎవడు చూస్తాడు?" అనేవారు.

అలాగని చెడ్డమనిషి కాదు. ఒకసారి వేడి తారు చింది ఒక కూలీ చెయ్యి కాలితే, ఆ మనిషిని తన జీపులో ఎక్కించుకుని రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టి పంపేదాకా అక్కడే బల్ల మీద కూర్చున్నారు. మనుషుల విషయంలో ఆయనకి ఓపిక ఉంది. రోడ్ల విషయంలోనే లేదు.

భట్టిప్రోలు దాటాక ఒక మలుపు ఉంది. ఆ ఏడు వానలకి అక్కడ రోడ్డు చేపల చెరువులా తయారైంది. ఎవరో పెద్దాయన ఆ దారిన వస్తున్నాడని కబురొచ్చింది. నీళ్లు తోడి, బురద తీసి, కంకర వేసి, ఆరాక తారు వేద్దామన్నాను నేను.

"ఆరేదాకా ఆయన్ని ఆగమంటావా? పైన వేసెయ్" అన్నారు భాస్కరరావు గారు.

వేసేశాం. బురద మీద వేడి తారు పడుతుంటే ఆవిరి లేచింది, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. సాయంత్రానికి రోడ్డు నిగనిగలాడింది. మర్నాడు పెద్దాయన వేమూరు వైపు నుంచి ఇంకో దారిన వచ్చి, అటునుంచి అటే వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం వడ్ల బస్తాలేసుకుని ఒక ట్రాక్టరు మా కొత్త రోడ్డు ఎక్కింది. కాలిన దోసె పెనం మీంచి లేచినట్టు తారు మొత్తం లేచి చక్రానికి చుట్టుకుంది. ట్రాక్టరు తోలే రైతు దిగి, ఆ ముక్కని రెండు చేతులా పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

"ఏఈ గారూ, మీ రోడ్డు మా చక్రానికి అంటుకొచ్చిందండి. మీరు ఎతుక్కుంటారేమోనని తెచ్చిచ్చాను" అన్నాడు.

ఆ తర్వాత బాపట్లలో జరిగిన మీటింగులో నేను ఈ సంగతి అందరి ముందూ చెప్పాను. భాస్కరరావు గారు తొణకలేదు. "మా కరీముల్లాకి రోడ్లు అక్కర్లేదండి, గుంతలుంటే చాలు" అన్నారు. గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి మేం పని మాటలు తప్ప వేరే మాటలు మాట్లాడుకోలేదు. ముందు ఆయన రిటైరయ్యారు, తర్వాత నేను. ఇద్దరం తెనాలిలోనే స్థిరపడ్డాం, అదీ పక్కపక్క వీధుల్లో. కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడితే వంకాయల బుట్ట మీదుగా తల ఊపుకునేవాళ్లం. అంతే.

ఆయన ఇల్లు కట్టుకున్నప్పుడు ఒక విచిత్రం జరిగింది. వీధి మొత్తం గేటు నుంచి ఇంటి దాకా సిమెంటో టైల్సో వేసుకుంటే, ఈయన తారు వేయించుకున్నారు. గేటు నుంచి పోర్టికో దాకా నల్లటి బాట, చిన్న సైజు స్టేట్ హైవేలాగా. ఆ తారు ఎక్కణ్ణుంచి వచ్చిందని వీధిలో ఎవరూ అడగలేదు. నేను అడగాల్సిన పని లేదు.

లలితమ్మ గారి ఫోను

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక ఫోనొచ్చింది. గుంటూరు ఆసుపత్రి నుంచి. మాట్లాడింది భాస్కరరావు గారి భార్య లలితమ్మ గారు.

"అన్నయ్యగారూ, మోకాలి ఆపరేషనైందండి నాకు. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామంటున్నారు."

"సంతోషమమ్మా. ఎలా ఉంది?"

"మోకాలు బాగానే ఉందండి. మా వాకిలే బాగాలేదు. రోజూ నడవాలంట, నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందంట. నడవడానికి మాకున్న చోటు ఆ తారు బాట ఒక్కటే. దాని మధ్యలో గుంత. పోర్టికో మెట్టు దిగ్గానే. ఆపరేషనుకి ముందు దాంట్లోనే పడి మణికట్టు బెణికింది. మా ఆయన వేసిన రోడ్లు ఊళ్లో వాళ్లని పడేసినంతకాలం నాకేం తెలీలేదు. ఇప్పుడు మా ఇంటిదాకా వచ్చింది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"సార్ చూస్తున్నారు కదమ్మా" అన్నాను మర్యాదకి.

"ఆయన చూశారండి. చాలాసార్లు చూశారు. ఇంకొకసారి ఆయన చూస్తే మాత్రం నేను ఇంటికి రాను, ఈ మంచం మీదే ఉంటాను. మీరొచ్చి చూడండి."

ఆవిడ గొంతులో సరదా లేదు. ఫోను పెట్టేశాక నాకు అర్థమైంది. పడ్డ మనిషికి మళ్లీ పడతానన్న భయం మోకాలి నొప్పి కంటే పెద్దది. ఆ భయంతో నడక మానేస్తే ఆపరేషను చేసి ఏం లాభం?

మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

కొబ్బరిచెట్టు మొద్దు

భాస్కరరావు గారు పోర్టికోలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా. నన్ను చూసి లేవలేదు కానీ ఇంకో కుర్చీ లాగారు. ఇన్నేళ్ల తర్వాత మా మధ్య అదే పెద్ద మాట.

"లలిత చెప్పిందా?" అన్నారు.

"చెప్పారండి."

గుంత దగ్గరికెళ్లి చూశాను. పళ్లెం అంత వెడల్పు, చుట్టూ మొసలి వీపులా బీటలు. అందులో ఉన్నవి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ముందు సిమెంటు పోశారు. అది ముక్కలైతే ఇటుక ముక్కలు కుక్కారు. అవి కుంగితే బస్తాల్లో అమ్మే రెడీమేడ్ తారు కంకర తెచ్చి, పార వీపుతో రెండు దెబ్బలు కొట్టి వదిలేశారు. భట్టిప్రోలు బౌద్ధస్తూపం దిబ్బ తవ్వినవాళ్లకి కూడా ఇన్ని పొరలు తగిలి ఉండవు.

"తారు గుంతలో సిమెంటు పోశారేంటండి?"

"గట్టిగా ఉంటుందని."

"తారు మెత్తన, సిమెంటు గట్టి. రెండూ కలిసి ఉండవని మీరే కదండీ మాకు శాఖ పరీక్షలో ప్రశ్న ఇచ్చేవాళ్లు."

"అది పరీక్షయ్యా" అన్నారాయన.

అప్పుడు చూశాను, ప్రహరీగోడ అవతల ఏదో వెలితిగా ఉంది. అక్కడ ఇదివరకు బాగా కాసే కొబ్బరిచెట్టు ఉండేది. ఇప్పుడు మోకాలెత్తు మొద్దు ఉంది.

పక్కింటాయన పేరు శేషయ్య. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. తెనాలి నుంచి రేపల్లెకి, బాపట్లకి జీవితమంతా బస్సు నడిపాడు. అంటే మేం పూడ్చిన ప్రతి గుంత మీదుగా వెళ్లినవాడన్నమాట.

"చెట్టేమైందండి?" అని భాస్కరరావు గారిని అడిగాను.

"కొట్టించాను. వేళ్లు గోడ కింద నుంచి వచ్చి నా తారుని పాడు చేస్తున్నాయి. మునిసిపాలిటీకి కంప్లయింటు పెడతానన్నాను. గొడవెందుకులెమ్మని వాళ్లే కొట్టేశారు."

"కొట్టాక గుంత ఆగిందా?"

ఆయన పేపరు విప్పారు. గుంత పెద్దదైందని చూస్తేనే తెలుస్తోంది.

నేను వంగి బాట మీద చెయ్యి పెట్టాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. వేరు తారుని పైకెత్తుతుంది. నీరు తారుని కిందికి దించుతుంది. ఇక్కడ ఎత్తిన చోటు ఒక్కటీ లేదు. అంతా దిగింది. ఈ సంగతి డిప్యూటీ స్థాయి ఇంజనీరుకి తెలియదా అంటే, తెలుసు. ఎదుటివాడి చెట్టు కళ్ల ముందు కనబడుతున్నప్పుడు మన చదువు వెనక్కి పోతుంది. ఇది ఆయనొక్కరికే ఉన్న జబ్బు కాదు. ఆఫీసుల్లో సగం కారణాలు గోడ అవతలే దొరుకుతాయి.

తవ్వితే

పని మొదలుపెట్టాం. నేను ఒక తాపీ పనివాణ్ణి తెచ్చుకుందామనుకున్నాను కానీ భాస్కరరావు గారు ఒప్పుకోలేదు. వీధిలో వాళ్లు చూస్తే నామోషీ అన్నారు. కాబట్టి తవ్వింది నేను, కుర్చీలో కూర్చుని సూపర్‌విజన్ చేసింది ఆయన. సర్వీసులో ఎలా ఉన్నామో అలాగే.

చిన్న గుంతని పెద్దది చేయడానికి ధైర్యం కావాలి. కొత్తవాళ్లకి అది రాదు. బీటలు ఎంతవరకు ఉన్నాయో అంతవరకు సుద్దముక్కతో చదరంగా గీసి, ఉలితో అంచులు నిటారుగా కోయాలి. గుండ్రటి గుంతలో, ఏటవాలు అంచుల మధ్య ఏం పోసినా అది పళ్లెంలో అప్పడంలా కూర్చుంటుంది తప్ప పట్టుకోదు. నేను చదరం గీస్తుంటే భాస్కరరావు గారు కుర్చీలోంచి, "అంత పెద్దదెందుకయ్యా, బాగున్నది కూడా పగలగొడుతున్నావు" అన్నారు.

"బాగున్నట్టు కనబడుతున్నదండి" అన్నాను.

తారు తీశాను. కంకర తీశాను. కింద మట్టి తగిలింది. పిడికిట్లోకి తీసుకుని పిసికితే ముద్దైంది. వానలు పడి నెలలైంది. వీధిలో కుక్కలు కూడా నీడ కోసం వెతుక్కుంటున్నాయి. ఈ మట్టి మాత్రం ఇప్పుడే నాట్లేయడానికి సిద్ధంగా ఉంది.

"నీళ్లెక్కడివండి?"

"పక్కింటివి. చెట్టుకి పోసిన నీళ్లు."

"చెట్టు లేదు కదండీ ఇప్పుడు."

ఆయన గోడ వైపు చూశారు, తర్వాత పేపరు వైపు చూశారు. నేను పోర్టికో పక్కనున్న కుళాయి చూపించాను. ఆయన కారు కడుక్కునే కుళాయి. మేడ మీద ట్యాంకు నుంచి దానికి పైపు బాట కిందుగా వెళ్తుంది.

"ఆ పైపు సంగతేంటండి?"

"అది నేను దగ్గరుండి వేయించిన పైపయ్యా."

"అందుకే అడుగుతున్నానండి."

ఆయనకి కోపం వచ్చింది. లేచి నిలబడ్డారు. "రేపు పొద్దున లలిత దిగుతుంది. ఇప్పుడు బాటంతా తవ్వుకుంటూ కూర్చుంటావా? కంకర వేసి పైన తారు వేసెయ్. తర్వాత చూద్దాం" అన్నారు.

నేను గునపం పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. సర్వీసులో అయితే వేసేవాణ్ణి. ఇప్పుడు ఆయన నా మీద ఏం రాసినా ఎవరికీ పంపలేరు. "నేను వేయనండి. కావాలంటే మీరు వేసుకోండి. రేపు ఆవిడ వాకరు పట్టుకుని దీని మీద అడుగు పెట్టేటప్పుడు మీరే పక్కన నిలబడండి" అన్నాను.

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. గేటు బయట కూరగాయల బండి వెళ్లింది. దాన్ని చూస్తూ అన్నారు, "ఆ రోజు లలిత ఎలా పడిందో నువ్వు చూళ్లేదయ్యా. నేనిక్కడే పేపరు చదువుతున్నాను. చప్పుడైంది. లలిత అరవలేదు. అరవలేదు కదా అని నేను పేపరు దించలేదు. కాసేపటికి మెల్లగా పిలిచింది. అప్పుడు చూశాను. ఎంతసేపు అలా పడుందో తెలీదు నాకు."

నేను మెట్టు మీంచి లేచాను.

ఆయన చొక్కా చేతులు మడిచారు. వచ్చి గునపం తీసుకున్నారు. భాస్కరరావు గారు గునపం పట్టడం నేను అదే మొదటిసారి చూడటం. పట్టడం సరిగ్గా రాలేదు, అయినా ఆపలేదు. నేను పారతో మట్టి లాగుతుంటే ఆయన తవ్వారు. కాసేపటికి తెల్లచొక్కా వీపంతా తడిసిపోయింది, ముందంతా బురద. పైపు తగిలింది. జాయింటు దగ్గర నల్లగా ఏదో చుట్టి ఉంది. అది సైకిల్ ట్యూబు. దారంతో కట్టి ఉంది. దాని అంచు నుంచి నీళ్లు సన్నగా, తీరిగ్గా కారుతున్నాయి.

ఇద్దరం దాన్ని చూశాం. ఆయన ముఖం చూస్తే ఆ ట్యూబు ఎవరు చుట్టారో చెప్పక్కర్లేదు.

"తారు వేసే రోజున జాయింటు విరిగిందయ్యా" అన్నారు కాసేపటికి. "వేడి తారు లారీ వీధిలో నిలబడి ఉంది. చల్లారిపోతుందని దీన్ని చుట్టించాను. తర్వాత మార్పిద్దామనుకున్నాను."

మట్టిలో మోకాళ్ల మీద ఉన్నవారు అలాగే తలెత్తి గోడ అవతలి మొద్దు వైపు చూశారు.

"చెట్టు కాదు" అన్నారు.

"కాదండి" అన్నాను.

పూడ్చడం

వాల్వు కట్టేసి, ప్లంబరుని పిలిపించి జాయింటు మార్పించాం. మళ్లీ నీళ్లు వదిలి, పైపు పొడిగా ఉందని నిమిరి చూశాకే కదిలాం. బురద మొత్తం తీసేశాం. ఆ రోజు ఎండ మా వైపు ఉంది. గుంతని తెరిచిపెట్టి దాన్ని ఆరనిచ్చాం. లలితమ్మ గారికి ఫోను చేసి ఇంకొక్క రోజు ఆసుపత్రిలో ఉండమని భాస్కరరావు గారే చెప్పారు. ఎందుకని ఆవిడ అడిగినట్టుంది. ఈయన ఫోను పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లారు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు గ్రావెల్ పొరలుగా వేసి, ఒక్కో పొరని దిమ్మిసతో కొట్టాం. కొట్టడంలో తొందరపడితే తర్వాత ఆ తొందర మొత్తం గుంతగా తిరిగొస్తుంది. అంచులకి, అడుగుకి పల్చగా తారు పూశాను. అది జిగురు లాంటిది, పాత తారునీ కొత్త తారునీ కలుపుతుంది. దాని మీద తారు కంకర కలిపిన మిశ్రమం పోసి, చుట్టూ ఉన్న బాట కంటే వేలు మందం ఎత్తుగా ఉంచాను. అణిగాక సమానమవుతుంది. పక్కనున్న సన్న బీటలు చీపురుతో ఊడ్చి, కరిగిన తారు పోసి, పైన ఇసక చల్లాను. బీటని బీటగా ఉన్నప్పుడు పట్టుకుంటే చెంబుడు తారుతో పోయే పని. గుంతయ్యాక పట్టుకుంటే గునపం కావాలి.

అణచడానికి మాకు రోలరు లేదు. ఇంటి బాటకి రోలరు తేలేం కూడా. దానికి ఒక ఉపాయం ఉంది, కారు చక్రాన్ని దాని మీద నెమ్మదిగా ముందుకీ వెనక్కీ నడపడమే. అంచు దాటకూడదు, స్టీరింగు అక్కడ తిప్పకూడదు. భాస్కరరావు గారికి కారు గేటులోంచి లోపలికి తేవడమే కష్టం. నేను కారు నడపను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత నేనే గోడ దగ్గరికెళ్లి పిలిచాను.

శేషయ్య గారు లుంగీ సర్దుకుంటూ వచ్చారు. గుంత చూశారు, మా ఇద్దర్నీ చూశారు.

"సర్వీసంతా మీ ఇద్దరి గుంతల మీదే నడిపానండి. మీ పనితనం నా నడుముకి తెలుసు. ఇదొక్కటి మిగిలింది, కానివ్వండి" అన్నారు.

కారెక్కి, అద్దం దించి, చక్రం వైపు చూస్తూ అంత పెద్ద కారుని ఇస్త్రీపెట్టెలాగా నడిపారాయన. ఒక్క అంచు చెదరలేదు. దిగి కాలితో తట్టి చూసి, "ఇది మీ రోడ్డులా లేదండి, బాగుంది" అన్నారు.

అప్పుడైనా చెట్టు సంగతి చెబుతారేమోనని నేను భాస్కరరావు గారి వైపు చూశాను. ఆయన నోరు తెరిచారు. "కాఫీ తాగుతారా శేషయ్య గారూ?" అన్నారు. శేషయ్య గారు ఇంట్లో పనుందని వెళ్లిపోయారు. గుంతకి నన్ను పిలిచారు కానీ దీనికి పిలవలేదు.

శేషయ్య గారింట్లో

లలితమ్మ గారు వచ్చాక కొన్నాళ్లకి, తారు ఎలా కూర్చుందో చూద్దామని సాయంత్రం వెళ్లాను. బాగా కూర్చుంది. ఆవిడ వాకరు పట్టుకుని పోర్టికో నుంచి గేటు దాకా నడుస్తున్నారు. మెట్టు దిగేటప్పుడు మాత్రం కొత్త తారు చదరం అంచున ఆగి, వాకరుతో ఒకసారి తట్టి, అప్పుడు అడుగేశారు. భాస్కరరావు గారు రెండడుగులు వెనక నడుస్తున్నారు. చేతిలో పేపరు లేదు.

గేటు దగ్గరికొచ్చి ఆవిడ వెనక్కి తిరగలేదు.

"గేటు తియ్యండి" అన్నారు.

"ఎక్కడికి?"

"శేషయ్య గారింటికి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆసుపత్రికి చేసిన ఫోనులో ఆయన చెట్టు సంగతి కూడా చెప్పారని నాకు అప్పుడు తెలిసింది. ఆయన నా వైపు చూశారు. మీటింగుల్లో ఇరుక్కున్నప్పుడు కూడా అలాగే చూసేవారు, లెక్క ఎవరైనా అందిస్తారేమోనని. నేను గేటు తీశాను.

శేషయ్య గారు వరండాలో ఉన్నారు. లలితమ్మ గారిని చూసి కంగారుగా కుర్చీ తెచ్చారు. భాస్కరరావు గారు నిలబడే చెప్పారు. పైపు సంగతి, ట్యూబు సంగతి, చెట్టుకి దానికి సంబంధం లేదన్న సంగతి. "తప్పు నాదేనండి" అన్నారు. ఆ రెండు ముక్కలు ఆయన నోటి నుంచి నేను సర్వీసులో ఎప్పుడూ వినలేదు.

శేషయ్య గారు గడ్డం గోక్కున్నారు. "చెట్టు కొట్టించాక మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాట్టం మానేసిందండి. నువ్వు ఎదురుచెప్పలేకపోయావు అంటది. కాబట్టి ఈ మాట నాక్కాదు, ఆవిడకి చెప్పండి" అని లోపలికి కేకేశారు. "మంగా, ఇటు రా. సారు నీతో ఏదో చెప్తారంట."

మంగమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. భాస్కరరావు గారు మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పారు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమని ఆయన్ని చూస్తే తెలిసింది. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నారు.

"ఇప్పుడు మీ బాట బాగైందా అండి?" అని అడిగారు చివర్లో.

"బాగైందమ్మా."

"మరి మా చెట్టెందుకు కొట్టించారు?"

కొత్త మొక్క తెచ్చి పెట్టిస్తానన్నారాయన.

"అది కాసేదాకా మీరుంటారా, నేనుంటానా?" అన్నారు మంగమ్మ గారు. కోపంగా అనలేదు, మామూలుగా అన్నారు. "పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు రోజూ తలెత్తి చూసేదాన్నండి, కాయ ఎక్కడ నెత్తిన పడుద్దోనని. ఇప్పుడు కూడా ఎత్తుతున్నాను. తీరా చూస్తే ఏముండదు."

లలితమ్మ గారు కుర్చీలోంచి చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. మంగమ్మ గారు కాసేపు అలాగే ఉండి, "టీ పెడతాను, కూర్చోండి" అని లోపలికి వెళ్లారు. శేషయ్య గారు ఇంకో రెండు కుర్చీలు తెచ్చారు. నేను కూర్చున్నాను. భాస్కరరావు గారు టీ వచ్చేదాకా నిలబడే ఉన్నారు. మంగమ్మ గారు గ్లాసు చేతికిచ్చి, "కూర్చోండి అన్నయ్యగారూ" అని రెండోసారి చెప్పాక కూర్చున్నారు.